చారిత్రక నగరంలో గైడు వెంట నడక: దారి, కథ, డబ్బు, చట్టం

పాత నగరానికి కొత్తగా వచ్చినవారు గైడు వెంట రెండు గంటలపాటు నడిచి ముఖ్యమైన కట్టడాలను చూసి రావడం ప్రపంచమంతటా మామూలైపోయింది. దానితోపాటే ఆ నడకల చుట్టూ వివాదాలూ పెరిగాయి. ఒక్కో బృందంలో 25 మందికి మించి ఉండకూడదని వెనిస్ 2024లో నిబంధన తెచ్చింది. ఆమ్‌స్టర్‌డామ్ 2020లోనే కొన్ని వీధుల్లో గైడెడ్ టూర్లను పూర్తిగా నిషేధించింది. గైడుగా పనిచేయాలంటే లైసెన్సు ఉండాలనడం వాక్‌స్వాతంత్ర్యానికి భంగమా, కాదా అన్న ప్రశ్నకు అమెరికాలో రెండు అప్పీలు కోర్టులు 2014 జూన్‌లో, కొద్ది వారాల తేడాతో, పరస్పర విరుద్ధమైన జవాబులు ఇచ్చాయి. వీటికి తోడు, ఉచితమని ప్రకటించిన టూరు ముగిశాక డబ్బు ఇవ్వాలా, ఇస్తే ఎంత అన్న అయోమయం చాలామంది ప్రయాణికులకు ఎదురవుతూనే ఉంది. ఇవి వేర్వేరు తగాదాల్లా కనిపిస్తాయి కానీ, నడక ఎలా తయారవుతుందో తెలిస్తే ఒకదానికొకటి ఎలా ముడిపడి ఉన్నాయో అర్థమవుతుంది.

గైడు అంటే ఎవరు, టూరు మేనేజరు అంటే ఎవరు

ముందుగా పేర్ల సంగతి. యూరప్ ప్రమాణాల సంస్థ రూపొందించిన నిర్వచనం ప్రకారం గైడు అంటే, సందర్శకులు ఎంచుకున్న భాషలో వారిని వెంటబెట్టుకొని తిప్పుతూ, ఒక ప్రాంతపు సాంస్కృతిక, ప్రాకృతిక వారసత్వాన్ని విడమరచి చెప్పే వ్యక్తి. సాధారణంగా ఆ ప్రాంతానికే ప్రత్యేకమైన అర్హత, అధికారిక గుర్తింపు ఉన్నవారు. టూరు మేనేజరు పని వేరు. ప్రయాణం మొదటి రోజు నుంచి చివరి రోజు వరకు బసలు, వాహనాలు, వేళలు చూసుకోవడం ఆయన బాధ్యత. ఒకే మనిషి రెండు పనులూ చేసే సందర్భాలు ఉన్నందువల్ల ఈ తేడా ప్రయాణికులకు తెలియకపోవచ్చు.

సామాజిక శాస్త్రవేత్త ఎరిక్ కోహెన్ 1985లో గైడు పాత్రను విశ్లేషిస్తూ, దానికి రెండు పూర్వరూపాలు ఉన్నాయని చెప్పాడు: తెలియని చోట దారి చూపేవాడు ఒకడు, తెలియని విషయాన్ని బోధించేవాడు మరొకడు. వీధుల పటం ప్రతి ఫోనులోనూ ఉన్న ఈ రోజుల్లో మొదటి పాత్రకు అవసరం చాలావరకు తగ్గింది. గైడు విలువంతా రెండవ పాత్ర మీదే నిలబడుతోంది. కాబట్టి గైడు చెప్పేది ఎంత నిజం, ఎంత పూర్తి అన్న ప్రశ్న మునుపటికంటే ఇప్పుడు బరువైనది.

తరచూ అపార్థానికి దారితీసే మరో సంగతిని ఇక్కడే చెప్పుకోవాలి. నగర నడకల్లో అధిక భాగం కట్టడాల బయటే సాగుతాయి. ఒక కోటో, ప్రార్థనా మందిరమో టూరు జాబితాలో ఉందంటే దాని ముందు నిలబడి కథ వింటారని అర్థమే తప్ప, లోపలికి వెళతారని అర్థం కాదు. లోపలి ప్రవేశానికి టికెట్టు వేరుగా ఉండవచ్చు. లోపల మాట్లాడే హక్కు ఆ గైడుకు ఉండకపోనూ వచ్చు.

రెండు గంటలు ఎక్కడికి పోతాయి

టూరులో ప్రతి కట్టడం గురించీ ఇంత తక్కువే చెప్పారేమిటన్న అసంతృప్తికి కారణం చాలాసార్లు గైడు అజ్ఞానం కాదు, గడియారం. ఒక ఊహాజనితమైన ఉదాహరణ వేసుకుందాం. టూరు నిడివి 120 నిమిషాలు, దూరం రెండున్నర కిలోమీటర్లు, మజిలీలు 10, బృందంలో 30 మంది. గంటకు 4 కిలోమీటర్ల నింపాదైన నడకతో దూరానికే దాదాపు 38 నిమిషాలు పడుతుంది. ఇరుకు కాలిబాటపై ఒకరి వెనుక ఒకరు మీటరు ఎడంతో నడిస్తే బృందం పొడవు 30 మీటర్లు. గైడు ఆగాక చివరి మనిషి చేరడానికి అర నిమిషం అవుతుంది. పది మజిలీలకు కలిపి 5 నిమిషాలు. రోడ్లు దాటడానికి మరో 8, మొదట్లో తలలు లెక్కపెట్టి పరిచయాలు ముగించడానికి 9 నిమిషాలు వేసుకుంటే, మిగిలేవి సరిగ్గా 60. అంటే మజిలీకి ఆరు నిమిషాలు. ఆరు నిమిషాల్లో ఒక మనిషి మాటల్లో చెప్పగలిగింది అచ్చు పుస్తకంలో రెండు మూడు పేజీలకు మించదు. ఎనిమిది వందల ఏళ్ల కట్టడానికైనా అంతే, ఎనభై ఏళ్ల కట్టడానికైనా అంతే.

బృందం పరిమాణం వినికిడినీ శాసిస్తుంది. ఆరుబయట శబ్దానికి మూలం నుంచి దూరం రెట్టింపయిన ప్రతిసారీ దాని స్థాయి సుమారు 6 డెసిబెళ్లు పడిపోతుంది. ఒక మీటరు దూరంలో ఉన్నవారికి చేరే గొంతు నాలుగు మీటర్ల దూరంలో ఉన్నవారికి 12 డెసిబెళ్లు తక్కువగా చేరుతుంది. పక్కనే వాహనాల రొద ఉంటే అది వినపడదనే చెప్పాలి. అందుకే గైడు మైకులో మెల్లగా మాట్లాడితే అందరి చెవుల్లోని హెడ్‌ఫోన్లలో వినిపించే రేడియో పరికరాలు వచ్చాయి. వీటితో వీధిలో గోల తగ్గిన మాట నిజం. అయితే ఎంత దూరంలో ఉన్నా వినిపిస్తుంది కనుక బృందం చెల్లాచెదురుగా వీధంతా పరుచుకునే అవకాశమూ వాటితోనే వచ్చింది.

ఏ దారిన నడిపిస్తే ఆ చరిత్ర

ఇంత తక్కువ వ్యవధిలో అన్నీ చూపడం అసాధ్యం కాబట్టి ఎంపిక తప్పదు. ఈ ఎంపికే నడకలో అత్యంత ముఖ్యమైన నిర్ణయమని నేను అనుకుంటాను. గైడు ఒక్క మాట కూడా అబద్ధం చెప్పకుండానే, దారి ఎంపికతో నగరానికి ఒక రూపం ఇవ్వగలడు.

బోస్టన్ ఇందుకు చక్కని ఉదాహరణ. 1951లో విలియం స్కోఫీల్డ్ అనే పత్రికా రచయిత ప్రతిపాదించగా ఏర్పడిన ఫ్రీడం ట్రెయిల్, నేల మీద ఎర్రని గీతతో గుర్తించిన దారి. సుమారు 4 కిలోమీటర్ల పొడవున 16 చారిత్రక స్థలాలను కలుపుతూ, అమెరికా స్వాతంత్ర్య పోరాట గాథను చెబుతుంది. అదే నగరంలో, బీకన్ హిల్ ప్రాంతంలో, బ్లాక్ హెరిటేజ్ ట్రెయిల్ అనే మరో దారి ఉంది. అది పంతొమ్మిదో శతాబ్దపు స్వేచ్ఛా నల్లజాతి సమాజం నివసించిన వీధుల గుండా, 1806లో కట్టిన ఆఫ్రికన్ మీటింగ్ హౌస్ మీదుగా, బానిసత్వ నిర్మూలన ఉద్యమ గాథను చెబుతుంది. రెండు దారుల మధ్య దూరం కొన్ని నిమిషాల నడకే. మొదటి దారిలో నడిచినవారు ఫానల్ హాల్ ముందు నిలబడి, వలస పాలనకు వ్యతిరేకంగా అక్కడ జరిగిన సభల గురించి వింటారు. 1742లో పూర్తయిన ఆ భవనాన్ని నగరానికి కట్టించి ఇచ్చిన పీటర్ ఫానల్ వ్యాపారంలో బానిసల అమ్మకం కూడా ఒక భాగమన్న సంగతి చెప్పేదీ లేనిదీ ఆ ఆరు నిమిషాలను గైడు ఎలా వాడుకుంటాడన్నదాని మీద ఆధారపడి ఉంటుంది.

అహ్మదాబాద్ నగరపాలక సంస్థ 1997 నవంబరు 19న మొదలుపెట్టిన వారసత్వ నడక మరో కోణాన్ని చూపిస్తుంది. కాలూపూర్ స్వామినారాయణ మందిరం వద్ద బయలుదేరి, పోళ్లు అని పిలిచే పాత నివాస వాడల గుండా సాగి, జామా మసీదు వద్ద ముగిసేలా దాని దారిని కూర్చారు. ఆరంభం, ముగింపు రెండూ ఆలోచించి పెట్టినవే. మందిరం 1822 నాటిది, మసీదు 1424 నాటిది. అంటే నడక మొత్తంగా ఆధునిక కాలం నుంచి సుల్తానుల కాలం వైపు, వెనక్కి సాగుతుంది. వీధులు శతాబ్దాల వరుసలో ఉండవు కాబట్టి ఏ నగర నడకలోనైనా ఈ చిక్కు ఉంటుంది: కాళ్లు ఒక వరుసలో కదులుతాయి, చరిత్ర మరో వరుసలో జరిగింది. సమర్థుడైన గైడు ప్రతి మజిలీలోనూ తేదీని ముందటి మజిలీతో ముడిపెడుతూ ఈ వరుసను శ్రోతల మనసులో సరిచేస్తాడు. ఆ పని జరగకపోతే పది చక్కని ముక్కలు మిగులుతాయి కానీ నగరం మిగలదు.

కథ ఎక్కడ ఆగి చరిత్ర ఎక్కడ మొదలవుతుంది

ప్రాగ్ నగరంలో ఖగోళ గడియారం ముందు చెప్పే కథ ఇది: హనుష్ అనే నిపుణుడు ఆ గడియారాన్ని చేశాడు, అలాంటిది మరో నగరానికి చేసి ఇవ్వకుండా నగర పెద్దలు అతని కళ్లు పొడిపించారు. మాస్కోలో సెయింట్ బాసిల్ కేథడ్రల్ ముందు చెప్పేది: ఇంత అందమైనది మరొకటి కట్టకుండా చక్రవర్తి నాలుగవ ఇవాన్ శిల్పుల కళ్లు తీయించాడు. ఆగ్రాలో చెప్పేది: తాజ్‌మహల్‌లాంటిది ఇంకొకటి రాకుండా షాజహాన్ పనివారి చేతులు నరికించాడు.

మూడు దేశాలు, మూడు శతాబ్దాలు, ఒకే కథ. ఈ పోలికే మనల్ని హెచ్చరించాలి. ఒక్కొక్కదానిని విడిగా పరిశీలిస్తే ఆధారాలు కూడా ఎదురు తిరుగుతాయి. ప్రాగ్ గడియారాన్ని 1410లో చేసినది కడాన్‌కు చెందిన మికులాష్ అని ఆ కాలపు పత్రమే చెబుతోంది. హనుష్ పేరు తర్వాతి కాలంలో వచ్చి చేరింది. సెయింట్ బాసిల్ కేథడ్రల్ నిర్మాణం 1555 నుంచి 1561 వరకు సాగింది. దానితో ముడిపడిన పోస్ట్‌నిక్ పేరుగల నిర్మాత ఆ తర్వాత కూడా పనిచేసినట్టు రికార్డుల్లో కనిపిస్తుంది. ఇక ఆగ్రా విషయానికి వస్తే, చేతులు నరికిన సంగతిని ఏ సమకాలీన గ్రంథమూ చెప్పదు. పైగా తాజ్ ప్రాంగణంలో పనులు ఇంకా సాగుతుండగానే, 1639లో, షాజహాన్ ఢిల్లీలో ఎర్రకోట నిర్మాణం ప్రారంభించాడు. రెండింటికీ ప్రధాన నిర్మాతగా చెప్పేది ఉస్తాద్ అహ్మద్ లాహోరీ పేరునే. ఇంత పని ముందు పెట్టుకున్న పాలకుడు తన పనివారినే పోగొట్టుకున్నాడనడం నమ్మదగినదిగా లేదు.

అయితే ఇలాంటి కథలను నడకల్లోంచి తీసివేయాలా? ఇక్కడ రెండు గౌరవప్రదమైన అభిప్రాయాలు ఉన్నాయి. చరిత్రకారుల్లో అనేకులు, గైడు నోట వెలువడిన మాటకు పక్కనే ఉన్న రాయి సాక్ష్యంగా నిలబడినట్టు అనిపిస్తుంది కాబట్టి ఆ స్థలంలో చెప్పిన అబద్ధం పుస్తకంలోని అబద్ధంకంటే గట్టిగా నాటుకుంటుందని వాదిస్తారు. తాజ్ కథ ఇంత విస్తృతంగా నమ్మబడటం వారి వాదనకు బలం. మౌఖిక సంప్రదాయాన్ని అధ్యయనం చేసేవారు మాత్రం, కథ జరగకపోయినా, జనం దాన్ని తరతరాలుగా చెప్పుకున్నారన్నది జరిగిన సంగతేనని గుర్తుచేస్తారు. అధికారం గొప్ప పనిని చేయించి, చేసినవాణ్ని శిక్షిస్తుందన్న భయం ఆ కథల్లో భద్రంగా ఉంది. నా దృష్టిలో రెండు వాదనలకూ చోటు ఉంది, ఒక షరతుతో: ఇది శాసనంలో ఉన్నది, ఇది జనం చెప్పుకునేది, ఇది నా ఊహ అని గైడు మూడింటినీ వేరుచేసి చెప్పాలి. ఆ వేరుచేయడానికి పట్టేది ఒక్క వాక్యమే. అది లోపించినప్పుడు మోసపోయేది గైడును నమ్మి వచ్చిన శ్రోత.

ఇది ఎన్నేళ్ల నాటిది

కట్టడం వయసు గురించిన ప్రశ్న సులువుగా కనిపిస్తుంది కానీ, చాలా చోట్ల దానికి రెండు సరైన జవాబులు ఉంటాయి. వెనిస్‌లో సెయింట్ మార్క్ చౌకులోని గంటల గోపురం 1902 జూలై 14న కుప్పకూలింది. ఉన్నచోటే, ఉన్నట్టే తిరిగి కట్టి 1912లో ప్రారంభించారు. వార్సా పాత నగరం రెండవ ప్రపంచ యుద్ధంలో దాదాపు నేలమట్టమైంది. పద్దెనిమిదో శతాబ్దపు చిత్రకారుడు బెలొట్టో గీసిన నగర దృశ్యాలను కూడా ఆధారం చేసుకొని దాన్ని పునర్నిర్మించారు. 1980లో యునెస్కో ఆ ప్రాంతాన్ని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చినప్పుడు, ఆ పునర్నిర్మాణ సాహసాన్నే దాని విలువగా గుర్తించింది. మరమ్మతు అంటే ఉన్నదాన్ని నిలబెట్టడం, పునరుద్ధరణ అంటే పూర్వస్థితికి తేవడం, పునర్నిర్మాణం అంటే లేనిదాన్ని మళ్లీ కట్టడం. ఈ మూడింటిలో ఏది జరిగిందో చెప్పకుండా శతాబ్దం పేరు మాత్రమే చెబితే, అది అబద్ధం కాకపోయినా సగం నిజమే.

ఉచిత టూరులో డబ్బు ఎవరిది

ఉచితమన్న పేరు కింద రెండు భిన్నమైన ఏర్పాట్లు ఉన్నాయి. 1992లో న్యూయార్క్‌లో మొదలై అనేక నగరాలకు పాకిన గ్రీటర్ పద్ధతిలో, స్థానికులు స్వచ్ఛందంగా తమ ఊరిని చూపిస్తారు, టిప్పులు తీసుకోరు. రెండవది, 2000 దశకంలో బెర్లిన్ వంటి యూరప్ నగరాల్లో వ్యాపారంగా విస్తరించిన పద్ధతి: టికెట్టు ఉండదు, చివర ఇష్టమైనంత ఇవ్వాలి. ఈ రెండవదానిలో చాలా చోట్ల గైడుకు జీతం లేదు సరికదా, వచ్చిన ప్రతి సందర్శకుడికీ ఇంత అని గైడే నిర్వాహక సంస్థకు చెల్లించాలి.

లెక్కగా చూద్దాం, అంకెలు కేవలం ఊహించుకున్నవి. తలకు 20 చొప్పున సంస్థకు కట్టాలనుకుందాం. మంచి వాతావరణం ఉన్న రోజున 25 మంది వచ్చారు, 15 మంది తలా 60 ఇచ్చారు. వసూలు 900, సంస్థకు 500, గైడుకు 400. వాన పడిన రోజున 10 మందే వచ్చి, వారిలో ముగ్గురు మధ్యలోనే వెళ్లిపోయి, నలుగురు మాత్రం 60 చొప్పున ఇచ్చారు. వసూలు 240, సంస్థకు 200, గైడుకు 40. పని అదే, గంటలు అవే. అంటే టికెట్టు టూరులో నిర్వాహకుడు మోసే నష్టభయం ఇక్కడ గైడు భుజాల మీదకు మారింది. ఏమీ ఇవ్వని వ్యక్తి వల్ల గైడుకు లాభం లేకపోవడం మాత్రమే కాదు, 20 నష్టం కూడా.

ఈ పద్ధతిని సమర్థించేవారి మాటలోనూ న్యాయం ఉంది. ముందుగా డబ్బు పెట్టలేని విద్యార్థులు, యువ ప్రయాణికులు నగర చరిత్ర వినగలుగుతున్నారు. విన్నాక విలువ కట్టే హక్కు శ్రోతకు దక్కుతోంది. పరిచయాలు లేని కొత్త గైడుకు వృత్తిలో చోటు దొరుకుతోంది. విమర్శకులు కథనంపై దాని ప్రభావాన్ని ఎత్తిచూపుతారు. చివరిదాకా నిలిచి, సంతోషంగా జేబులో చెయ్యి పెట్టే శ్రోత మీద ఆదాయం ఆధారపడినప్పుడు, రక్తపాతపు కథలు, చమత్కారాలు పెరుగుతాయి. అసౌకర్యమైన నిజాలు, సందేహాలు తగ్గుతాయి. కళ్లు పొడిపించిన కథ లాంటివి ఇన్ని నగరాల్లో ఎందుకు బతికి ఉన్నాయో అర్థం చేసుకోవడానికి ఈ లెక్క కూడా కొంత ఉపయోగపడుతుంది.

లైసెన్సు దేనికి హామీ ఇస్తుంది

గైడు లైసెన్సుల విషయంలో దేశాల మధ్య ఏకాభిప్రాయం లేదు. బ్రిటన్‌లో వీధుల్లో గైడుగా పనిచేయడానికి చట్టపరమైన లైసెన్సు అక్కర్లేదు. బ్లూ బ్యాడ్జ్ అన్నది కఠినమైన శిక్షణ, పరీక్షల తర్వాత లభించే వృత్తిపరమైన అర్హత. భారతదేశంలో కేంద్ర రక్షిత కట్టడాలకు వర్తించే 1959 నాటి నిబంధనలు, లైసెన్సు లేకుండా డబ్బు తీసుకొని సందర్శకులను లోపల తిప్పి చూపడాన్ని నిషేధిస్తాయి. కాబట్టి వీధిలో నడక నిర్వహించే వ్యక్తి కోట గుమ్మం దగ్గర ఆగిపోవడం అతని అసమర్థత కాకపోవచ్చు.

యూరప్ న్యాయస్థానం 1991లో ఫ్రాన్స్, ఇటలీ, గ్రీస్‌లకు సంబంధించిన కేసుల్లో ఒక మధ్యేమార్గాన్ని సూచించింది. మరో సభ్య దేశం నుంచి తన బృందంతో వచ్చిన గైడును స్థానిక లైసెన్సు లేదని అడ్డుకోవడం సేవల స్వేచ్ఛకు విరుద్ధమని తేల్చింది. ప్రత్యేక నిపుణుడైన గైడుతో మాత్రమే చూడవలసిన మ్యూజియంలు, చారిత్రక కట్టడాలను మాత్రం మినహాయించింది.

అమెరికాలో చర్చ పూర్తిగా వేరే మలుపు తీసుకుంది. న్యూ ఆర్లీన్స్‌లో అప్పటి నిబంధన ప్రకారం గైడులు చరిత్ర పరీక్ష రాసి, మాదకద్రవ్యాల పరీక్షకు, నేరచరిత్ర తనిఖీకి లోబడాలి. ఆ నిబంధన గైడు ఏం చెప్పాలో శాసించడం లేదు కాబట్టి చెల్లుతుందని ఫిఫ్త్ సర్క్యూట్ అనే ఫెడరల్ అప్పీలు కోర్టు 2014 జూన్‌లో తీర్పునిచ్చింది. అదే నెలలో వాషింగ్టన్ నగరపు పరీక్ష నిబంధనను డీసీ సర్క్యూట్ అనే మరో అప్పీలు కోర్టు కొట్టివేసింది: గైడు పని ప్రధానంగా మాట్లాడటమే; పరీక్ష లేకపోతే సందర్శకులకు హాని కలుగుతుందన్నదానికి నగరం ఆధారం చూపలేదు; సమీక్షలు, పోటీ ఆ పని చేయగలవు. సుప్రీంకోర్టు న్యూ ఆర్లీన్స్ కేసును స్వీకరించకపోవడంతో రెండు తీర్పులూ వాటి వాటి పరిధుల్లో నిలిచాయి.

ఈ రెండు తీర్పులూ నిజానికి వేర్వేరు భయాలకు జవాబులు. కొత్త ఊరిలో అపరిచితుడి వెంట నడిచేవారికి భద్రత కావాలి. దానికి నేరచరిత్ర తనిఖీ సరిపోతుంది, చరిత్ర పరీక్షతో పనిలేదు. చెప్పింది నిజమై ఉండాలన్నది రెండవ కోరిక. దానికి పరీక్ష కొంత తోడ్పడుతుంది. కానీ పరీక్షలో సరైన తేదీ రాసిన గైడు వీధిలో హనుష్ కథనే చెప్పవచ్చు, చెప్పకుండా ఆపే యంత్రాంగం లైసెన్సులో లేదు. ఆన్‌లైన్ సమీక్షలు ఆ లోటును తీరుస్తాయన్న వాదనను కూడా పూర్తిగా ఒప్పుకోలేం. సందర్శకుడు తనకు ఆనందం కలిగిందా లేదా అన్నది కచ్చితంగా చెప్పగలడు. విన్నది నిజమా కాదా అని తేల్చగలిగితే అతనికి గైడే అవసరం లేదు.

వీధి ఎవరిది

చివరి చిక్కు టూరులో లేనివారిది. వెనిస్ నిబంధనలు బృందాన్ని 25 మందికి పరిమితం చేయడమే కాక, లౌడ్‌స్పీకర్లను నిషేధించాయి. ఇరుకు సందుల్లో, వంతెనల మీద ఆగి ప్రసంగించకూడదన్నాయి. ఆమ్‌స్టర్‌డామ్ పాత నగరంలో పరిమితి 15 మంది. అక్కడ నిషేధానికి గురైనవి, సెక్స్ వర్కర్లు గాజు కిటికీల వెనుక కూర్చునే వీధుల గుండా సాగే టూర్లు. పనిచేసుకుంటున్న మనుషులను దర్శనీయ వస్తువులుగా చూపించడం మర్యాద కాదన్నది నగరపాలకుల వాదన. ఆ ప్రాంతానికి వచ్చేవారు ఎలాగూ వస్తారు, బాధ్యత తెలిసిన గైడు వెంట ఉంటేనే నయమన్నది గైడుల వాదన.

పరిమితుల లెక్క కూడా అంత తేలికైనది కాదు. ఒకే సమయంలో వంద మంది నడవదలచుకుంటే, 50 మంది బృందాలు రెండు ఉండేచోట 25 మంది బృందాలు నాలుగు వస్తాయి. వంతెన మీద ఒక్కసారిగా దారి మూసుకుపోవడం తగ్గుతుంది, వెనుక నిలబడినవారికి వినిపించడం మెరుగవుతుంది, గైడులకు పని పెరుగుతుంది. కానీ ఆ వీధిలో తలుపు తీసుకొని బయటికి వచ్చే నివాసికి ఎదురయ్యే మనుషుల సంఖ్య వందగానే ఉంటుంది. మొత్తం రాకపోకలపై ప్రభావం చూపడానికి వెనిస్ వేరే చర్యను ఎంచుకుంది: 2024 ఏప్రిల్ 25 నుంచి, ఎంపిక చేసిన రోజుల్లో, రాత్రి బస చేయకుండా వచ్చిపోయే సందర్శకుల వద్ద ప్రవేశ రుసుము వసూలు చేయడం మొదలుపెట్టింది. బృంద పరిమితి వీధిలోని ఇరుకుకు సంబంధించినది, రుసుము నగరంలోని రద్దీకి సంబంధించినది. ఒకటి పనిచేసిందా లేదా అని రెండవదాని ఫలితాలను చూసి తేల్చడం కుదరదు.